నీళ్లది ఒక శాఖ, మురుగుది ఒక శాఖ

నాగార్జునసాగర్ కుడి కాలువ పల్నాటి నేల మీదే, విజయపురి సౌత్ దగ్గర మొదలవుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు ఎక్కడెక్కడి ఊళ్లకో చేరాయి గానీ, మాచర్ల పక్కనే ఉన్న వెల్దుర్తి మండలానికి ఎక్కలేదు. కాలువ పల్లానికి పారుతుంది, వెల్దుర్తి ఎత్తున ఉంది. కృష్ణమ్మ పక్కనే ఉన్నా ఆ మండలం మెట్టగానే మిగిలింది.

పల్నాటి దాహం పాతదే. శ్రీనాథుడు శివుణ్ణి గంగనిమ్మని నిలదీసిన చాటువు ఇక్కడి పర్యటనలో చెప్పిందేనని వాడుక. నాపరాతి నేలలో బావి తవ్వడం కష్టం, పడిన నీరు కూడా చాలాచోట్ల ఉప్పనే. ఆ నీటిని ఇంటింటికీ చేర్చి, వాడిన నీటిని ఊరి బయటికి పంపే బాధ్యత మొత్తం ఎప్పుడైనా ఒకరి చేతిలో ఉందా అని చరిత్రలో వెతికితే, లేదనే తేలుతుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పల్లెల తాగునీరంటే ప్రధానంగా స్థానిక బోర్డులు తవ్వించే బావులే. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం నీటి సరఫరా, మురుగు పారుదల రెండింటినీ స్థానిక సంస్థల విధుల్లో చేర్చింది. రెండూ ప్రజారోగ్యానికి సంబంధించినవేనని గుర్తించిన చట్టమది. కానీ చేతిలో డబ్బులేని సంస్థ నెత్తిన పని పెడితే అది కాగితం మీదే ఉంటుంది. దానికి రెండేళ్ల ముందు, 1937లో, షార్ట్ అనే వైద్యుడి బృందం నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి ప్రచురించింది. నీళ్లు తేటగా ఉంటే చాలదని, పరీక్షించే వ్యవస్థ కావాలని అప్పుడే తెలిసింది.

స్వాతంత్ర్యం తర్వాత 1954లో జాతీయ నీటి సరఫరా, పారిశుధ్య కార్యక్రమం మొదలైంది. అయితే రాజ్యాంగం నీటిని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. ఢిల్లీ డబ్బు, ప్రమాణాలు ఇవ్వగలదు గానీ కుళాయి తిప్పలేదు. అందుకే పొరుగు రాష్ట్రాలు తమ దారి తాము చూసుకున్నాయి. తమిళనాడు 1971లో బోర్డు పెట్టుకుంది. కేరళలో 1984 ఏప్రిల్ 1న రాష్ట్రమంతటికీ నీళ్లు, మురుగు చూసే వాటర్ అథారిటీ ఏర్పడింది.

తెలుగు నేల మీద అలాంటి సంస్థ ఒక్క హైదరాబాదుకే దక్కింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల్లో జలాశయాలతో పాటు భూగర్భ డ్రైనేజీ కూడా ఉంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి, తర్వాత మంజీరా నీళ్లు వచ్చాయి. నగరం పెరిగేకొద్దీ నీళ్లొకరు, మురుగొకరు చూస్తే కుదరలేదు. 1989లో చట్టం చేసి, నవంబరు 1న జలమండలిని ఏర్పాటు చేశారు. దానికి ముఖ్యమంత్రే ఛైర్మన్. నీటి బిల్లులోనే మురుగు సెస్సు కూడా ఉంటుంది, రెండింటికీ ఫిర్యాదు ఒకే చోటుకు వెళ్తుంది. జలమండలిలో లోపాలు లేవనను, మూసీని చూస్తే చాలు. కానీ ఎవర్ని అడగాలో నగరవాసికి తెలుసు. 2014 తర్వాత ఆ బోర్డు తెలంగాణకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ నగరాల్లో ఆ పని కార్పొరేషన్లే చూసుకుంటున్నాయి.

పల్లెలకు బోర్డు రాలేదు, పథకాలు వచ్చాయి. 1972లో కేంద్రం వేగవంత గ్రామీణ నీటి సరఫరా, 1986లో టెక్నాలజీ మిషన్, 2009లో జాతీయ గ్రామీణ తాగునీటి కార్యక్రమం, 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్. ప్రతిసారీ పేరు మారింది. ఊళ్లో బోరింగు పోయి కుళాయి వచ్చింది, అది నిజమైన మేలే. మనిషికి రోజుకు 40 లీటర్లుగా ఉన్న లెక్క 55 లీటర్లయింది.

కాలువ నీటి మీద ఆధారపడే ఊరి పథకాన్ని దగ్గర్నుంచి చూస్తే అసలు చిక్కు కనబడుతుంది. కాలువ వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజీ చెరువు నింపుకోవాలి. ఆ నీరు ఇసుక ఫిల్టరు బెడ్డుల గుండా నెమ్మదిగా దిగి సంపులోకి, అక్కణ్ణించి ఓవర్‌హెడ్ ట్యాంకుకు చేరుతుంది. కాలువ జలవనరుల శాఖది. ఫిల్టర్లు కట్టేది గ్రామీణ నీటి సరఫరా శాఖ. కుళాయి వాల్వు తిప్పేది పంచాయతీ మనిషి. బెడ్డు మీద పేరుకున్న మడ్డి గీకి ఇసుక కడగకపోతే నీళ్లు దిగవు. ఆ పని ఎవరిదనే దగ్గరే వాదన మొదలవుతుంది. ఈలోగా జనం ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు.

మురుగు ఆ వాదనలోకి కూడా రాదు. సైడు కాలువ రోడ్డు పనితో వస్తుంది, ఇంకుడు గుంత ఉపాధి హామీతో, మరుగుదొడ్డి స్వచ్ఛ భారత్‌తో. నీళ్ల పైపు సైడు కాలువలోంచే పోతుంటే, పగిలిన చోట రెండూ కలుస్తాయి. 2024లో పల్నాడులోనే పిడుగురాళ్లలోనూ దాచేపల్లిలోనూ అతిసారం ప్రబలింది. సరఫరా, మురుగు ఒకే చేతిలో ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

వెల్దుర్తి దశాబ్దాలుగా ఎదురుచూసింది వరికపూడిశెల ఎత్తిపోతల కోసం. పులుల అభయారణ్యంలోంచి పైపులు పోవాలి కాబట్టి అటవీ అనుమతుల దగ్గరే ఏళ్లు గడిచాయి. 2023 నవంబరు 15న మాచర్లలో తొలి దశకు శంకుస్థాపన జరిగింది. 24,900 ఎకరాలకు సాగునీరు, 20,000 మందికి తాగునీరు లక్ష్యమని ప్రకటించారు.

ఆ 20,000 మందికి తలకి 55 లీటర్ల లెక్కన రోజుకు 11 లక్షల లీటర్లు కావాలి. సరఫరా చేసిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజినీర్లు లెక్కగడతారు. అంటే రోజుకు దాదాపు తొమ్మిది లక్షల లీటర్లు. పైకి తోడే నీటికి ఇంజినీర్లు, అంచనాలు, టెండర్లు ఉన్నాయి. ఇళ్లల్లోంచి బయటికొచ్చే ఈ తొమ్మిది లక్షల లీటర్లు మాత్రం చట్టం ప్రకారం పంచాయతీ బాధ్యత. దానికి విడిగా ఇంజినీరూ లేడు, నిధీ లేదు.