కాదనిన దేశము – ఔననిన దేశములు

పరాయి ప్రభుత్వము ఒక దేశమును విడిచిపోయిన దినమున ఎగిరిన పతాకమును చరిత్ర గ్రంథములు ఘనముగా వర్ణించును. మరునాటి ఉదయమున కచేరీ తలుపులు తెరచిన దెవరో, ఉద్యోగుల జీతములు ఏ ఖజానానుండి వచ్చినవో, అంగడిలో ఏ నాణెము చెల్లినదో అవి అంతగా చెప్పవు. స్వాతంత్ర్యమునకు తొలి పరీక్ష జరుగునది ఆ మరునాడే. పశ్చిమాఫ్రికాలోని గినీ దేశ చరిత్ర ఇందుకు నిదర్శనము.

1958 జూన్ నెలలో, ఆల్జీరియా యుద్ధము ఫ్రాన్సును అంతర్యుద్ధపు అంచునకు తెచ్చిన వేళ, జనరల్ డీగాల్ తిరిగి అధికారమునకు వచ్చెను. ఆయన ప్రతిపాదించిన నూతన రాజ్యాంగమున ఆఫ్రికా వలస రాజ్యములకు ‘ఫ్రెంచి సమాజము’ అను కూటమిలో స్థానము కల్పింపబడెను. అందు చేరిన రాజ్యములకు లోపలి వ్యవహారములలో స్వపరిపాలన లభించును. రక్షణ, విదేశ వ్యవహారములు, ద్రవ్య విధానము మాత్రము కూటమి పేర పారిస్ నగరముననే నిలుచును. సెప్టెంబరు 28వ తేదీన ప్రజలు ఔననియో కాదనియో చెప్పవలెను. కాదనిన దేశము వెంటనే స్వతంత్రమగును. కాని ఫ్రాన్సు సహాయముపై ఆశ వదలుకొనవలెను.

ఆగస్టు 25న డీగాల్ గినీ రాజధానియైన కొనాక్రీకి వచ్చెను. అచట ఆయనకు ఎదురునిలిచినవాడు సెకూ టూరే. తపాలా శాఖలో గుమాస్తాగా పనిచేసి, కార్మిక సంఘముల నాయకుడై, 1953లో రెండు నెలలకు పైగా సాగిన సమ్మెను నడిపినవాడు. బానిసత్వములోని సంపదకంటె స్వేచ్ఛతోడి పేదరికమే తమకు మేలని అతడు ఆ సభలో నిర్భయముగా పలికెను. స్వాతంత్ర్యము కావలెనన్న తీసికొనవచ్చుననియు, ఫ్రాన్సు అడ్డుపడదనియు, అయితే అందుకు తగిన నిర్ణయములు తామును గైకొందుమనియు డీగాల్ బదులిచ్చెను.

ఓటు వేసినవారిలో నూటికి 95 మందికి పైగా కాదనిరి. ఆఫ్రికాలోని తక్కిన ఫ్రెంచి రాజ్యములన్నియు ఔననినవి. అక్టోబరు 2న గినీ స్వతంత్రమయ్యెను. వెనువెంటనే ఫ్రెంచి అధికారులు, వైద్యులు, సాంకేతిక నిపుణులు స్వదేశమునకు పిలిపింపబడిరి. ఆర్థిక సహాయము నిలిచిపోయెను. పోవువారు దస్త్రములను, పరికరములను, టెలిఫోను యంత్రములను సయితము వెంట గొనిపోయిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. దస్త్రములు లేని కచేరీ ఎట్టిదో ప్రభుత్వోద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు. భూమి ఎవరిదో, పన్ను ఎంతయో, పింఛను ఎవరికి రావలెనో ఆ కాగితములే చెప్పవలెను గదా!

అయినను గినీ కూలిపోలేదు. ఘనా నాయకుడు క్వామే ఎన్‌క్రూమా కోటి పౌనుల ఋణము ఇచ్చుటకు ముందుకు వచ్చెను. డిసెంబరు 12న ఐక్యరాజ్య సమితిలో గినీకి సభ్యత్వము లభించెను. ఆ ఓటింగులో ఫ్రాన్సు తటస్థముగ నుండెను. 1960 మార్చి 1న గినీ తన స్వంత నాణెమును ప్రవేశపెట్టెను. దానిని దెబ్బతీయుటకు ఫ్రెంచి గూఢచారి శాఖ దొంగనోట్లు చలామణి చేయించినట్లు ఆ శాఖలో పనిచేసిన అధికారియే తరువాతి కాలమున వెల్లడించెను.

ఔననిన దేశముల కథ వేరు. 1960లో వానిలో పెక్కు దేశములును స్వతంత్రములయ్యెను. కాని రక్షణ, ద్రవ్యము మొదలగు విషయములలో ఫ్రాన్సుతో ఒప్పందములు కుదుర్చుకొని స్వతంత్రములయ్యెను. 1945లో పుట్టిన సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు అనేక దేశములలో అట్లే నిలిచెను. దాని విలువకు ఫ్రాన్సు పూచీపడినది. అందుకు ప్రతిగా ఆ దేశములు తమ విదేశీ నిల్వలలో పెద్ద భాగమును ఫ్రెంచి ఖజానాలో ఉంచవలసివచ్చెను. ఈ ఏర్పాటువలన ధరలలో నిలకడ కలిగినమాట నిజమే. అయితే కీలు పరుల చేతిలో నుండెను. అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒప్పందము లేని దేశములకు ఆర్థిక సహాయము లేదని 1993లో పారిస్ ప్రభుత్వము నిర్ణయించెను. మరుసటి జనవరిలో సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు విలువ ఒక్కసారిగ సగమునకు తగ్గింపబడెను. డకార్‌లోని గృహిణి మందుల అంగడిలో ఆ నిర్ణయపు బరువును తెలిసికొనెను.

అట్లని గినీ కష్టములన్నిటికి ఫ్రాన్సునే నిందించుట న్యాయము కాదు. విదేశీ కుట్రలు కొన్ని నిజమే. ఆ భయమునే సాకుగ గొని టూరే ప్రత్యర్థులను చెరలపాలు చేసెను. ఆఫ్రికా ఐక్యతా సంస్థకు తొలి ప్రధాన కార్యదర్శియై దేశమునకు కీర్తి తెచ్చిన డియాలో టెల్లీ 1977లో బోయిరో శిబిరమున బందీగ మరణించెను. 1984లో మరణించువరకు టూరేయే అధ్యక్షుడు. పరాయివాడు విధించిన శిక్షకు తనవాడు విధించిన శిక్ష తోడయ్యెను.

ఇదే ఫ్రాన్సు తెలుగుగడ్డపై యానామును ఏలినది. 1954 నవంబరు 1న పుదుచ్చేరితోపాటు యానాము పరిపాలన భారతదేశమునకు అప్పగింపబడెను. 1962 ఆగస్టులో ఆ బదిలీ శాసనబద్ధమయ్యెను. స్థానికోద్యోగులను భారత ప్రభుత్వము కొలువులోనికి గైకొనునట్లు ఏర్పాటు జరిగెను. అచట కచేరీలు శూన్యము కాలేదు. విశాల భారతదేశముతో మాటలాడవలసి వచ్చినపుడు సంధి పత్రము. ఒంటరియైన చిన్న దేశము ఎదిరించినపుడు శిక్ష! వలస పాలకుని విధానము ఎదుటివాని బలమునుబట్టి మారుచుండెనని ఈ రెండు ఘట్టములును తెలుపుచున్నవి.

2022–2025 సంవత్సరముల నడుమ మాలీ, బుర్కినా ఫాసో, నైజర్, చాద్, సెనెగల్ దేశములనుండి ఫ్రెంచి సేనలు వైదొలగినవి. 1958లో ఔననిన దేశములే, ఆరు దశాబ్దములు దాటిన పిదప, ఒక్కొక్కటిగ కాదనుచున్నవి. ఆ మాట పలుకుటకు ధైర్యము చాలును. దానిని నిలువబెట్టుకొనుటకు స్వంత ఖజానా, స్వంత దస్త్రములు, ప్రజలకు జంకని ఉద్యోగులు, ప్రజలకు జవాబు చెప్పు పాలకులు కావలెను. గినీ మొదటిదానిని చూపెను. రెండవదాని వెలను చెల్లించెను.