సముద్రం ఒడ్డున చెవి ఒగ్గి...

డీఎక్సింగ్ అనే హాబీ గురించి ఎప్పుడైనా విన్నారా? డీఎక్స్ అంటే టెలిగ్రాఫ్ రోజుల నుంచీ దూరానికి వాడుతున్న పొట్టి పేరు. వేల కిలోమీటర్ల అవతలి రేడియో స్టేషన్‌ని పట్టుకోవడం, విన్నదాన్ని తేదీ, టైము, ఫ్రీక్వెన్సీతో సహా రాసుకోవడం, ఆ రిపోర్టు స్టేషన్‌కి పంపి "అవును, అది మాదే" అని వాళ్ళు పంపే కార్డు దాచుకోవడం. అంతే! దీనికోసం సెలవులు పెట్టి మరీ సముద్రతీరాలకి పోయేవాళ్ళున్నారు. నార్వేలో కాంగ్స్‌ఫ్యోర్డ్, అమెరికాలో గ్రేలాండ్, కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరం... వందల మీటర్ల తీగలు కట్టి, తెల్లవార్లూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటారు.

"నెట్‌లో ఒక్క క్లిక్కుతో వచ్చేదానికి ఇంత అవస్థ ఎందుకు?" అన్నాడు మా టీమ్‌లో ఒకతను. ప్రశ్న సబబే. కానీ ఈ "అవస్థ" చరిత్ర తెలిస్తే అంత తేలిగ్గా తీసెయ్యలేం.

1901 డిసెంబర్ 12. న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద మార్కోని గాలిపటంతో తీగని పైకి లేపి, ఇంగ్లండ్‌లోని పోల్డూ నుంచి వచ్చిన మూడు చుక్కలు, అంటే మోర్స్‌లో 'ఎస్' అక్షరం, విన్నానన్నాడు. దూరం సుమారు 3400 కిలోమీటర్లు. విన్నది ఆయనా, ఆయన సహాయకుడు కెంప్, ఇద్దరే. రికార్డింగ్ లేదు, బయటి సాక్షి లేడు. పైగా అది పట్టపగలు. అలాంటి తరంగాల్ని పగటిపూట వాతావరణం పైపొర మింగేస్తుందని తర్వాత తెలిసింది. అందుకే నిజంగా విన్నాడా, ఉరుముల గరగరని సిగ్నల్ అనుకున్నాడా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. మన భాషలో చెప్పాలంటే "నా మెషీన్‌లో పనిచేసింది" కేసు :)

అయితే మార్కోని ఊరుకోలేదు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అనే ఓడెక్కి, సిగ్నల్స్‌ని కాగితం టేపు మీద అచ్చయ్యేలా చేసి, దాని మీద కెప్టెన్ సంతకం పెట్టించాడు. రాత్రి సుమారు 2500 కిలోమీటర్ల దాకా సందేశాలు అందాయి, పగలు 1100 దాటలేదు. పగటికీ రాత్రికీ ఇంత తేడా ఉందని బయటపడింది ఆ ప్రయాణంలోనే.

అసలు కథ 1921లో. అమెరికా 1912 నాటి చట్టం అమెచ్యూర్లని 200 మీటర్లు, అంతకంటే పొట్టి తరంగాలకి తోసేసింది. ఎందుకూ పనికిరావని అప్పటి నిపుణుల నమ్మకం. వాటితో అట్లాంటిక్ దాటొచ్చని అమెచ్యూర్ల పట్టుదల. 1921 ఫిబ్రవరిలో మొదటి పరీక్ష జరిగితే ఇంగ్లండ్‌లో ఎవరికీ ఏమీ వినబడలేదు. దాంతో అమెరికా అమెచ్యూర్ల సంఘం పాల్ గాడ్లీ అనే ఇంజినీర్ని ఓడెక్కించి పంపింది, కేవలం వినడానికి!

లండన్ దగ్గర గోల ఎక్కువని ఆయన స్కాట్లండ్ తీరంలోని ఆర్డ్రాసన్‌కి వెళ్ళి, చలిలో, వానలో పొలంలో డేరా వేశాడు. ఆ ఏడాదే పేటెంట్ పొందిన బెవరేజ్ యాంటెన్నా, సుమారు 1300 అడుగుల తీగ, అమెరికా దిక్కుగా కట్టాడు. రిసీవర్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన సూపర్‌హెటరొడైన్. ముఖ్యమైన సంగతేంటంటే పక్కనే పియర్సన్ అనే సాక్షి కూడా చెవులకి ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. డిసెంబర్ రెండోవారంలో, సుమారు 5 వేల కిలోమీటర్ల అవతల కనెక్టికట్ నుంచి 1బీసీజీ స్టేషన్ పంపిన పూర్తి సందేశం అందింది. ఆ స్టేషన్ కట్టినవాళ్ళలో ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఒకడు. అదే రోజుల్లో కొందరు బ్రిటిష్ అమెచ్యూర్లు సొంత సెట్లలో అమెరికా సిగ్నల్స్ పట్టారు. ఇంక కాదనడానికి ఏముంది?

1923 నవంబర్ కల్లా అమెచ్యూర్లు 110 మీటర్ల ప్రాంతంలో అమెరికా, ఫ్రాన్స్‌ల మధ్య రెండువైపులా మాట్లాడుకున్నారు. పనికిరాదని పారేసిన చోటే షార్ట్‌వేవ్ యుగం మొదలైంది. తర్వాత మనవాళ్ళు రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్నదీ షార్ట్‌వేవ్ మీదే.

సరే, సముద్రమే ఎందుకు? ఉప్పునీరు నేలకంటే ఎన్నో రెట్లు మంచి వాహకం. దిగంతం నుంచి దాదాపు నేలబారుగా వచ్చే తరంగాలు నీళ్ళ మీదుగా వస్తే తక్కువ నష్టంతో చేరతాయి. రెండో కారణం నిశ్శబ్దం. ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ రేడియోలో బుర్రుమంటూనే ఉంటాయి. గాడ్లీ లండన్ వదిలి పారిపోయినట్టే నేటివాళ్ళూ ఊళ్ళు వదిలి పోతున్నారు.

మా టీమ్ మిత్రుడికి నా జవాబు ఇదీ: నెట్‌లో వచ్చేది ఎవరో ఏర్పాటుచేసి పంపిస్తే వస్తుంది. మధ్యలో సర్వర్ ఆగితే ఆగిపోతుంది. ఆకాశంలోంచి వచ్చేదానికి మధ్యవర్తి లేడు. పైగా విన్నది విన్నట్టు రాసి, అనుమానం ఉంటే "బహుశా" అని పక్కన పెట్టి, అవతలివాళ్ళు ఔనన్నాకే లెక్కలో వేసుకోవడం ఈ హాబీ నేర్పే క్రమశిక్షణ. మార్కోనికి 1901లో లేనిదీ, గాడ్లీకి 1921లో ఉన్నదీ అదే. డబ్బులకోసం రాసే మన లాగుల్లో ఆ నిజాయితీ ఎంతుందో ఎవరికి వాళ్ళం చూసుకోవాల్సిందే.

ఈసారి భీమిలికో, సూర్యలంకకో వెళ్తే సంచీలో ఒక చిన్న మీడియంవేవ్ రేడియో కూడా పడెయ్యండి. చీకటి పడ్డాక నీళ్ళ దగ్గర మెల్లగా ట్యూన్ చెయ్యండి. ఏ దేశం పలుకుతుందో ముందే తెలిస్తే ఇంక మజా ఏముంది?