కొలతకు లొంగిన మౌనం: మెదడు సెన్సార్లు, పరిశోధన నిధులు, కృష్ణా డెల్టా అవధానం

మానవ మెదడు విద్యుత్ తరంగాల నమోదును హాన్స్ బెర్గర్ 1929లో జర్మనీలోని యేనా నుంచి ప్రకటించాడు. తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లకు అందే ఈ సంకేతం వోల్టులో సుమారు లక్షో వంతు. దవడ కదిలినా, రెప్ప వాలినా కండరాల విద్యుత్తు దానిని ముంచివేస్తుంది. అందువల్ల మాట్లాడే మనిషి, పని చేసే మనిషి చాలాకాలం ప్రయోగశాలకు పనికిరాలేదు. ఏ ప్రవర్తనను అధ్యయనం చేయాలన్న ప్రశ్నకు పరికరమే ముందుగా జవాబు చెప్పింది. నిధులు ఆ జవాబు వెంట నడిచాయి.

భారతదేశంలో ఈ ఎంపికకు సాంస్కృతిక గౌరవం కూడా తోడయింది. బి.కె. ఆనంద్, జి.ఎస్. ఛీనా, బల్దేవ్ సింగ్ ఢిల్లీ ఎయిమ్స్‌లో యోగులపై జరిపిన ఈఈజీ అధ్యయనం 1961లో వెలువడింది. ధ్యానస్థితిలో వెలుతురు, శబ్దం వంటి ప్రేరణలు ఆల్ఫా తరంగాలను చెదరగొట్టలేదని, ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లని నీటిలో 45 నుంచి 55 నిమిషాలు చేయి ఉంచినా ఆ తరంగాలు కొనసాగాయని అందులో నమోదయింది. యోగి నిశ్చలుడు, యంత్రం కోరుకున్నదీ అదే. 1967లో కోనేరు రామకృష్ణారావు చొరవతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏర్పడిన పరామనోవిజ్ఞాన శాఖది భిన్నమైన దారి. జె.బి. రైన్ సంప్రదాయంలో అక్కడ ప్రధాన కొలమానం కార్డులపై ఊహల గణాంకమే. ఆ ఫలితాలను శాస్త్రజ్ఞులలో అధికులు అంగీకరించలేదన్నది వేరే చర్చ.

ఈ రెండు పద్ధతులకూ అందనిది కృష్ణా డెల్టాలో బహిరంగ సభల్లోనే ఉండేది. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రదర్శించిన అవధానం, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూలు పండితుడిగా తయారు చేసిన శిష్యతరం ఇందుకు సాక్ష్యం. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధించిన ప్రతిసారీ అవధాని దారి మార్చుకోవాలి. ఘంటాగణనంలో ఎప్పుడు మోగుతుందో తెలియని గంటను లెక్కిస్తూనే పద్యం అల్లాలి. అరుదైన శబ్దాన్ని మనసులో లెక్కించమని చెప్పి మెదడు స్పందనను నమోదు చేసే విధానం ప్రయోగశాలల్లో స్థిరపడింది 1960ల తరువాతే. అయితే అవధాని నోరు మూసుకుని కూర్చోడు. నాటి ఈఈజీకి అతడు ఆటంకాల పుట్ట.

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2008లో సంజ్ఞానాత్మక శాస్త్రాలకు ప్రత్యేక నిధి పథకం ప్రారంభించింది. దాని కిందే 2015లో వచ్చిన ‘సత్యం’ పథకం యోగ, ధ్యానాలకు కేటాయించినది. మౌనానికి మరొకసారి పెద్దపీట పడింది. అమెరికాలో 2013 ఏప్రిల్ 2న సుమారు 10 కోట్ల డాలర్ల తొలి ప్రతిపాదనతో ప్రకటించిన బ్రెయిన్ కార్యక్రమం కూడా మొదట నాడీకణాల, వలయాల వైపే మొగ్గింది. ప్రవర్తనను సూక్ష్మంగా వర్ణించకుండా మెదడును ఎంత కొలిచినా వివరణ దక్కదని 2017లో జాన్ క్రాకవర్ బృందం వాదించింది. 2020ల ఆరంభంలో అదే కార్యక్రమం సహజ పరిసరాల్లోని ప్రవర్తననూ మెదడు క్రియనూ ఒకే కాలరేఖపై నమోదు చేసే సెన్సార్లకు విడిగా నిధులు పిలిచింది. హైదరాబాదులో పెరిగిన రాజేశ్ పి.ఎన్. రావు సహరచయితగా 2022లో వెలువడిన దత్తాంశం ఈ ధోరణికి నమూనా: మూర్ఛ చికిత్స కోసం కపాలం లోపల ఎలక్ట్రోడ్లు అమర్చిన 12 మంది ఆసుపత్రి గదిలో తమంతట తాము చేసిన కదలికలు, మొత్తం 55 రోజుల నమోదు.

ఆరోగ్యవంతుడైన అవధానికి ఆ మార్గం వర్తించదు. అతడి విషయంలో తలపై తేలికగా ఇమిడే సెన్సార్లు, పృచ్ఛకుల గొంతు, గంట, అవధాని గొంతు ఒకే గడియారానికి కట్టుబడాలి. చరిత్రకారుడికి అడ్డంకి ఇక్కడే ఎదురవుతుంది. ‘శతావధానసారము’ వంటి ముద్రిత గ్రంథాలు పద్యాలను భద్రపరచాయి; ప్రశ్నకూ పూరణకూ నడుమ గడిచిన క్షణాలను మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.