ఇసుకలో మూడు రోజులు

1977 జనవరి. లిబియా ఎడారి. ఒక మనిషి, ఒక మోటార్‌సైకిల్, కనుచూపు మేరా ఇసుక.

ఆ మనిషి తియెరీ సబీన్. ఫ్రాన్స్ దేశస్థుడు, వయసు 27. ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో మొదలై ఫ్రాన్స్‌లోని నీస్‌లో ముగిసే ర్యాలీలో యమహా ఎక్స్‌టీ 500 మీద బయల్దేరాడు. ఇసుక ఆయనకు కొత్త కాదు. 1975లో ఫ్రాన్స్ ఉత్తర తీరాన, లె తూకే పట్టణపు ఇసుకతిన్నెల మీద మోటార్‌సైకిల్ పందెం మొదలుపెట్టింది ఆయనే. అయితే అక్కడ ఒక పక్క ఎప్పుడూ సముద్రం ఉంటుంది. దిక్కు వెతుక్కోవాల్సిన పని పడదు. సహారాలో అలాంటి ఆనవాలేదీ లేదు. ముందు పోయిన బళ్ల చక్రాల జాడలు గాలికి పూడిపోతాయి. జాడ మిగిలినా, అది ర్యాలీ బండిదో, నాలుగు రోజుల కింద పోయిన లారీదో చెప్పేవారు ఉండరు.

సబీన్ దారి తప్పాడు.

అప్పటి సాధనాలు

ఆ రోజుల్లో ఎడారి రైడర్‌కు దిక్కు మూడే: మ్యాపు, దిక్సూచి, బండి ఓడోమీటరు. నాలుగు చక్రాల బండిలో అయితే పక్క సీట్లో కూర్చున్నవాడు మ్యాపు చదివి దారి చెబుతాడు. మోటార్‌సైకిల్ మీద ఆ రెండు పనులూ ఒక్కడివే, పైగా రెండు చేతులూ హ్యాండిల్‌కే అంకితం.

దిక్సూచికి ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్‌లోని ఇనుము, మాగ్నెటో అయస్కాంతం, కరెంటు పారే వైర్లు ముల్లును పక్కకు లాగుతాయి. సరైన దిక్కు కావాలంటే బండి ఆపి, దిగి, కొన్ని అడుగులు దూరం నడిచి చూడాలి. పందెంలో ఉన్నవాడికి అలా ఆగడానికి మనసొప్పదు. ఆగకపోతే ఏమవుతుందో లెక్క చెబుతుంది. అయిదు డిగ్రీల తేడాతో వంద కిలోమీటర్లు వెళితే, చేరాల్సిన చోటికి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు పక్కన తేలతాం. ఓడోమీటరు చూసుకుందామా అంటే, తిన్నెల్ని చుట్టుకుంటూ తిరిగిన దూరమంతా అందులో కలిసిపోతుంది. అది తిరిగింది చెబుతుంది గానీ, ముందుకు సాగింది చెప్పదు.

ఎడారి జనవరిలోనూ కనికరించదు. పగలు ఎండ, రాత్రి ఎముకలు కొరికే చలి. బండి నడిపితే పెట్రోలు కరుగుతుంది, నడిస్తే ఒంట్లో నీరు కరుగుతుంది. కదిలే ప్రతి అడుగూ వెతికేవాళ్లకు దూరంగా పడుతోందేమో తెలియదు. అలా మూడు రోజులు గడిచాయంటారు. ప్రాణం కడబట్టే వేళ, గాలిస్తున్న విమానంలోని వాళ్ల కంటికి ఇసుకలో మనిషి కనిపించాడు. సబీన్ బతికాడు.

బతికి వచ్చాక

అంతటి గండం గడిచాక ఎవరైనా ఎడారికి దణ్ణం పెట్టి ఇంట్లో కూర్చుంటారు. సబీన్ మాత్రం ఆ ఇసుకను పదిమందికీ చూపించాలనుకున్నాడు. 1978 డిసెంబర్ 26న పారిస్‌లోని ట్రొకడేరో కూడలి నుంచి 182 బళ్లు సెనెగల్ రాజధాని డాకార్‌కు బయల్దేరాయి. పదివేల కిలోమీటర్ల దారి. 74 బళ్లే గమ్యం చేరాయి. గెలిచిన సిరిల్ నెవూ నడిపింది కూడా ఎక్స్‌టీ 500నే. డాకార్ ర్యాలీ అలా పుట్టింది.

ఆ ఏడాదే ఫిబ్రవరిలో అమెరికా తొలి జీపీఎస్ ఉపగ్రహాన్ని పైకి పంపింది. అయితే ఆ సాయం ఈ ర్యాలీ రైడర్లకు అందేసరికి 1992 వచ్చింది. ఆ ఏడాది పందెం పారిస్ నుంచి కేప్‌టౌన్‌కు సాగింది. దాన్ని చూడటానికి సబీన్ లేడు. 1986 జనవరి 14న మాలిలో, ర్యాలీ నడుస్తుండగానే హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు.

హ్యాండిల్ ముందు గోపురం

ఆ తర్వాత ర్యాలీ బండి ముందుభాగం రూపమే మారిపోయింది. హ్యాండిల్‌కు ముందు నిటారుగా లేచే చట్రాన్ని రైడర్లు టవర్ అంటారు. అందులో రోడ్‌బుక్, దూరం కొలిచే ట్రిప్‌మీటరు, డిగ్రీల్లో దిశ చూపించే క్యాప్ మీటరు ఉంటాయి.

రోడ్‌బుక్ అంటే చుట్టగా చుట్టిన కాగితం. ఒక్కో గడిలో దూరం, మలుపు బొమ్మ, హెచ్చరిక. ఎడమ బొటనవేలి దగ్గరి స్విచ్ నొక్కితే చిన్న మోటారు కాగితాన్ని ముందుకు జరుపుతుంది. ఇప్పుడు కాగితం స్థానంలోకి తెరలూ వచ్చాయి. పందెంలో జీపీఎస్ ఉన్నా దారి మొత్తం చూపించదు. నిర్ణయించిన చోటికి దగ్గరయ్యాకే బాణం గుర్తు తెరుచుకుంటుంది. అక్కడిదాకా రైడర్ తన బుర్రతోనే రావాలి. 2015లో డాకార్ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్, 2024లో ర్యాలీ 2 విభాగం గెలిచిన కేరళ కుర్రాడు హరిత్ నోవా ఆ పరీక్ష దాటినవాళ్లే.

ఈ పరికరాలన్నిటి సారం ఒకటే. దారి అందరూ తప్పుతారు. తప్పిన సంగతి కిలోమీటరు లోపల తెలిస్తే వెనక్కి తిరగొచ్చు. యాభై కిలోమీటర్ల తర్వాత తెలిస్తే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి పరికరాన్ని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నేను తప్పిన సంగతి ఇది ఎంత త్వరగా చెబుతుంది?

మన బండికి బిగించేటప్పుడు

నల్లమల అంచుల్లో తిరిగేవాళ్లకైనా, లద్దాఖ్ వెళ్లేవాళ్లకైనా ఆ ప్రశ్నే వర్తిస్తుంది. గతుకుల దారిలో నిలబడి నడుపుతాం కాబట్టి తెర ఎత్తును నిలబడే సరిచూసుకోవాలి. తల వంచకుండా, చూపు దించితే చాలు కనిపించాలి. ముందుకు వంగినప్పుడు గడ్డానికీ ఛాతీకీ తగలకూడదు. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, ముందు సస్పెన్షన్ నొక్కి, వైర్లు బిగుసుకుంటున్నాయేమో చూడాలి. బరువైన పరికరాలను బండి ఫ్రేముకే బిగించడం మేలు. హ్యాండిల్ మీద మోస్తే మలుపు మలుపుకూ ఆ బరువు చేతులకు తెలుస్తుంది.

కరెంటు విడి ఫ్యూజు ద్వారా రావాలి. మామూలు యూఎస్‌బీ పిన్ను కుదుపులకు వదులైపోతుంది. నీరూ దుమ్మూ చొరబడని కనెక్టరు వాడాలి. ఫోన్ పెట్టేవాళ్లు అదురు తగ్గించే మౌంటు తప్పకుండా తీసుకోవాలి. పెద్ద ఇంజిన్ల అదురుకు ఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. ఆఫ్‌లైన్ మ్యాపు ఇంటి దగ్గరే దించుకోవాలి.

ట్రిప్‌మీటరు ముందు చక్రం తిరుగుళ్లను లెక్కపెడుతుంది. టైరు మార్చినా, గాలి తగ్గించినా లెక్క మారుతుంది. రెండు శాతం తేడా ఉంటే రెండు వందల కిలోమీటర్లకు నాలుగు కిలోమీటర్ల తప్పు. హైవే మీద పది కిలోమీటరు రాళ్లు దాటి చూసుకుని సరిచేసుకోవడానికి పట్టే సమయం పావుగంటే.

ఇక దిక్సూచి. జీపీఎస్ చూపే దిశ బండి కదులుతున్నప్పుడే నమ్మదగినది, నిలబడితే అది తడబడుతుంది. మామూలు దిక్సూచికి నిలకడే బలం. అందుకే ఇన్ని తెరలున్నా జేబులో అదొకటి ఉండాలి. చూసేటప్పుడు బండికి దూరంగా నడవాలన్న పాత నియమం మారలేదు.

శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసెంజర్లు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడటం నేరం. విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లు ఇది మరవకూడదు. కాబట్టి ఏ దారిన వెళ్తున్నామో, ఏ వేళకు ఫోన్ చేస్తామో, చేయకపోతే ఎవరికి చెప్పాలో ఇంట్లో కాగితం మీద రాసిచ్చి వెళ్లాలి. ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్లే త్వరగా వెతకగలరు.

దూరం ఒకటి చెప్పి, దిశ మరొకటి చెప్పి, ఎదుటి నేల ఇంకొకటి చెబితే ఆగండి. ఖచ్చితంగా తెలిసిన చివరి చోటికి, మీ చక్రాల జాడ చెరగకముందే వెనక్కి వెళ్లండి. పరికరాలకు ఎంత డబ్బు పెట్టినా, వెనక్కి తిరగాలన్న నిర్ణయం రైడరే తీసుకోవాలి. అది తీసుకోగలిగినవాడికే అవి పనికొస్తాయి.