శరీరంలోని లోహ ఇంప్లాంట్ల తుప్పు, నివారణ

విరిగిన ఎముకకు వేసే రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు, అరిగిన కీళ్ల స్థానంలో అమర్చే కృత్రిమ కీళ్లు శరీర ద్రవాల వల్ల క్షీణించడమే ఇంప్లాంట్ తుప్పు. 37 డిగ్రీల వేడి, ఉప్పదనం, ఆక్సిజన్ కలిసి మామూలు ఇనుమును తొందరగా తినేస్తాయి. వెలువడిన లోహ అయాన్లతో వాపు, నొప్పి, కొందరికి అలర్జీ వస్తాయి. ఇంప్లాంటు వదులవుతుంది, ఒక్కోసారి విరుగుతుంది.

చరిత్ర
1895లో బ్రిటిష్ సర్జన్ విలియం ఆర్బత్‌నాట్ లేన్ ఎముకలకు ఉక్కు ప్లేట్లు బిగించాడు, అవి తుప్పుపట్టాయి. 1912 నాటి సర్జన్ షెర్మన్ వెనేడియం ఉక్కు ప్లేట్లకు బలం పెరిగినా తుప్పు తప్పలేదు. 1926లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చింది. రెండు వేర్వేరు లోహాలు పక్కపక్కన ఉంటే విద్యుత్ ప్రవాహం పుట్టి ఎముక దెబ్బతింటుందని 1937లో సర్జన్లు వెనబుల్, స్టక్ నిరూపించి, కోబాల్ట్-క్రోమియం మిశ్రమమైన వైటాలియంను ముందుకు తెచ్చారు. 1950లలో కార్బన్ తగ్గించిన 316ఎల్ స్టీలు, ఆపై టైటానియం వాడుకలోకి వచ్చాయి. స్టెయిన్‌లెస్ స్టీలు, వైటాలియం, టైటానియంలకు రక్ష ఉపరితలంపై ఏర్పడే కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొరే.

తెలుగునాట
రాయలసీమలో ఎముక విరిగితే పేరున్న వైద్యం పుత్తూరు కట్టు. అందులో బద్దలన్నీ ఒంటి వెలుపలే ఉంటాయి కనుక తుప్పు ప్రశ్నే లేదు. కర్నూలు వైద్య కళాశాల (1957), కడప రిమ్స్ (2006) వంటి బోధనాసుపత్రులు, 2007లో మొదలైన ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ వల్ల రాడ్డు వేయించుకోవడం సామాన్యులకూ అందింది. హైదరాబాదులో 1973లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రమాలను, ఇంప్లాంట్లను తయారుచేస్తోంది. హైదరాబాదులోనే శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు సోమరాజు కలిసి గుండె రక్తనాళంలో అమర్చే చవకైన లోహ ఇంప్లాంటు, కలాం-రాజు స్టెంట్‌ను 1990లలో రూపొందించారు.

కర్నూలు, కడప జిల్లాల్లో కొన్నిచోట్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరైడ్ టైటానియంపై ఉండే ఆక్సైడ్ పొరను కరిగించగలదు, కానీ అందుకు ఆమ్లత్వం తోడవ్వాలి. అందుకే పంటి ఇంప్లాంట్ల దగ్గర ఆమ్ల గుణమున్న ఫ్లోరైడ్ జెల్ వాడవద్దంటారు.

నివారణ
తుప్పు ఎక్కువగా మొదలయ్యేది స్క్రూ తలకూ ప్లేటుకూ మధ్య ఇరుకులో. అక్కడ ఆక్సిజన్ అందదు, రాపిడికి పొర చెదురుతుంది. తయారీలో నునుపు చేసి నైట్రిక్ ఆమ్లంతో పొరను దిట్టపరుస్తారు. టైటానియానికి విద్యుత్‌తో ఆక్సైడ్ పొరను మందం చేసే ఆనోడైజింగ్ చేస్తారు. ఆపరేషన్‌లో ప్లేటుపై గీతలు పడనివ్వకూడదు, ఒకసారి తీసినదాన్ని మళ్లీ వాడకూడదు. స్టీలు ప్లేటుకు స్టీలు స్క్రూలే, టైటానియానికి టైటానియమే బిగించాలి. కాబట్టి ఇంప్లాంటు ఏ లోహమో తెలిపే ఆసుపత్రి కాగితాన్ని రోగి జాగ్రత్తగా దాచుకోవాలి.