టెక్సాస్‌లో తుపాకీ దాచుకునే హక్కు

టెక్సాస్ అనగానే నడుముకి పిస్తోలు కట్టుకున్న కౌబాయ్ గుర్తుకొస్తాడు. సినిమాల సంగతి అలా ఉంచితే, 1871 చట్టం ప్రకారం ఇక్కడ మామూలు మనిషి వీధిలో చేతి తుపాకీ పెట్టుకు తిరగడం నేరం. సొంత ఇల్లు, సొంత వ్యాపారస్థలం, ప్రయాణం వంటి మినహాయింపులుండేవి. (గాస్ స్టేషన్లు నడిపే మనవాళ్ళకి ఆ మినహాయింపు విలువ చెప్పనక్కర్లేదు.)

1991 అక్టోబరు 16న కిలీన్ ఊళ్ళో, లూబీస్ కఫెటేరియాలో ఒక దుండగుడు 23 మందిని కాల్చి చంపాడు. భోజనానికి వచ్చిన సుజానా హప్ తల్లినీ తండ్రినీ కూడా పోగొట్టుకుంది. ఆమె రివాల్వరు బయట కారులో ఉంది. వెంట ఉంచుకుని పట్టుబడితే వృత్తి లైసెన్సు పోతుందని అక్కడే వదిలేసింది. అది చేతిలో ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆమె మాట శాసనసభని కదిలించింది. 1993లో గవర్నరు ఆన్ రిచర్డ్స్ ఒక బిల్లుని వీటో చేసినా, 1995లో జార్జి బుష్ సంతకం పెట్టాడు. 1996 నుంచి లైసెన్సులు వచ్చాయి. వాటికి తరగతులు, రాతపరీక్ష, గురిపరీక్ష, వేలిముద్రలు.

2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండిన చాలామందికి ఆ లైసెన్సు అక్కర్లేదు. తరగతి కూడా దానితోనే పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి మాత్రం, కొద్ది మినహాయింపులతో, తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం.

తరగతిలో చెప్పే శిక్షాస్మృతి నియమం ఒకటి మాత్రం మారలేదు. ప్రాణం కాపాడుకోవడానికే కాల్చినా, నిర్లక్ష్యంగా కాల్చిన గుండు దారిన పోయేవాడికి తగిలితే, ఆ కేసులో ఆత్మరక్షణ వాదన చెల్లదు.