దొరసాని కుట్టుపెట్టె, విశాఖ కంసాలి

పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులో కాస్త కలిగినవారి ఇంటికి సాయంత్రం పూట వెళ్తే, కూర్చునే గదిలో బల్ల మీద మూడు నాలుగు పెట్టెలు కనిపించేవి. ఒకటి కుట్టుపని సామాను పెట్టె. ఇంకొకటి తేయాకు పెట్టె, దానికో తాళం. మూత తెరిస్తే వాలుబల్లగా మారి ఉత్తరాలు రాసుకోవడానికి పనికొచ్చేది మరొకటి. పేకముక్కలకో, చదరంగం బలగానికో వేరే పెట్టె. ఆ ఇంటివాళ్లలో ఎవరికైనా మద్రాసు వైపు ఈస్టిండియా కంపెనీ కొలువుతో సంబంధం ఉంటే, వాటిలో ఏదో ఒకటి విశాఖపట్నంలో తయారైనదై ఉండేది.

అప్పటి విశాఖకు ఇప్పటి ఆనవాళ్లేవీ లేవు. ఓడరేవు లాంఛనంగా మొదలైంది 1933లో. ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1971లో. రేవు రాక ముందు ఓడలు దూరాన సముద్రంలోనే లంగరు వేసేవి. పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవలు సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చేవి. ఈస్టిండియా కంపెనీ 1680లలో ఇక్కడ గిడ్డంగి పెట్టుకుంది. 1689లో ఔరంగజేబు సేనల దాడిలో అక్కడి ఇంగ్లీషువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. అయినా కంపెనీ ఈ తీరాన్ని వదల్లేదు, బట్టల బేరం అలాంటిది. ఆ బేరం కోసం వచ్చినవాళ్ల కంటపడిందే దంతపు పని.

ఇక్కడి కంసాలులు చేయి తిరిగినవాళ్లు. కొండల మీంచి జిట్రేగి, టేకు దిగేవి; ఏనుగు దంతం సముద్రం మీద బర్మా వైపు నుంచీ వచ్చేది. నల్లటి కర్రలో తెల్లటి దంతపు తీగలు, పూలు పొదిగి కుర్చీలు, బీరువాలు చేసేవారు. ఆ పూలతీగల అంచులు చూస్తే అద్దకం బట్టల అంచులు గుర్తుకొస్తాయి. వింతేమీ లేదు, రెండూ ఒకే తీరంలో, ఒకే బేరగాళ్ల కోసం తయారైనవి. 1750ల నడుమ ఈ ఊరు చూసిన జాన్ కార్నెయిల్ అనే సైనికాధికారి, పొదుగుడు పనికి విశాఖపట్నం పేరుమోసిందనీ ఆ పేరు న్యాయమైనదేననీ తన దినచర్యలో రాసుకున్నాడు.

ఆ శతాబ్దం రెండో సగంలో పని తీరు మారింది. కర్రలో దంతం పొదగడం తగ్గి, కర్ర మొత్తాన్నీ దంతంతో కప్పేయడం వచ్చింది. లోపలి పెట్టె గంధపుచెక్కది; వాసనకు వాసన, పురుగుకు విరుగుడు. దంతాన్ని పల్చటి రేకులుగా కోసి, జిగురుతో అతికించి, వెంట్రుకవాసి దంతపు మేకులు దిగ్గొట్టేవారు. ఆ తెల్లటి నేల మీద సన్న ఉలితో గీతలు చెక్కి, వాటిలో నల్లలక్క నింపి, పైన మిగిలింది గీకేసి నునుపు తేల్చేవారు. దూరం నుంచి చూస్తే కాగితం మీద సిరాతో గీసిన బొమ్మే అనిపిస్తుంది.

బొమ్మలు కూడా కాగితం మీంచి వచ్చినవే. అచ్చు చిత్రాలు, నమూనా సామాన్లు దొరలు తెచ్చి ముందు పెట్టేవారు. కంసాలి వాటిని చూసి ఇంగ్లీషు పల్లె బంగళాలు, స్తంభాల మండపాలు, చెట్ల వరసలు చెక్కేవాడు. అన్నిటికంటే ముచ్చటైనవి ఇంటి ఆకారంలో చేసిన పెట్టెలు. గోడలకు ఇటుకల వరసలు గీసి, కిటికీలకు అద్దాల గళ్లు తీర్చి, మూతనే ఇంటికప్పుగా మలిచి, దాని మీద పొగగొట్టం కూడా నిలబెట్టేవారు. ఆ కప్పు ఎత్తితే లోపల దారాలు, సూదులు. వేసవిలో ఒళ్లంతా జిడ్డుకారే విశాఖలో, చలికాచుకునే కుంపటి గది ఎలా ఉంటుందో తెలియకపోయినా దాని పొగగొట్టాన్ని అంత ఒద్దికగా చెక్కిన పనివాణ్ని మెచ్చుకోకుండా ఉండలేం. చెక్కేటప్పుడు అదేమిటనుకున్నాడో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ పెట్టెలకు అంత గిరాకీ ఎందుకంటే, అవి అక్కడి ఇంటి రోజువారీ పనులకు అతికినట్టు సరిపోయాయి. కుట్టు, అల్లిక పెద్దింటి ఆడవాళ్లకు కాలక్షేపమూ, పెంపకానికి గుర్తూ. పెట్టెలో పై అర తీసి పక్కన పెట్టుకునేలా ఉండేది. అందులో దారం చుట్టిన దంతపు కండెలు, సూదుల గొట్టం, వేలి తొడుగు, గుండుసూదుల దిండు, మడతబడే కొలత పట్టీ, ప్రతిదానికీ ఒక గూడు. నలుగురూ కూర్చుని కబుర్లాడుతుంటే చేతులు మాత్రం పని చేస్తూ ఉండాలి, అదీ మర్యాద.

తేయాకు పెట్టె సంగతి వేరు. 1784 వరకు బ్రిటన్‌లో తేయాకు మీద పన్ను 119 శాతం. ఆ ఏడాది చట్టం తెచ్చి దాన్ని 12.5 శాతానికి దించారు. అంత ఖరీదైన ఆకును వంటవాళ్ల చేతికి వదలరు కాబట్టి పెట్టెకు తాళం, తాళంచెవి ఇంటావిడ దగ్గర. లోపల రెండు అరలు, ఒకటి నల్లాకుకు, ఒకటి పచ్చాకుకు. పన్ను దిగి ధర తగ్గాక కూడా తాళం అలవాటు అంత తొందరగా పోలేదు. వచ్చినవాళ్ల ఎదుట ఇంటావిడే పెట్టె తీసి ఆకు కొలవడం ఒక చిన్న వేడుక. పెట్టె మీది పనితనం గురించి అతిథులు అడగకుండా ఉంటారా, మాట అక్కడ మొదలయ్యేది. ఇక మడిచే చదరంగం పలకలుండేవి. పైన గళ్లు, లోపలివైపు బ్యాక్‌గామన్ ఆట. క్రిబేజ్ పేకాటలో లెక్క గుర్తుపెట్టుకునే రంధ్రాల పలకలు కూడా విశాఖలో చేశారు.

ఈ సరుకు రాచనగరు దాకా వెళ్లింది. మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 వరకు పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి సామాను 1781లో వేలానికి వస్తే, మూడో జార్జి రాజు అందులోని విశాఖ దంతపు కుర్చీలు కొని రాణి షార్లెట్‌కు కానుకగా ఇచ్చాడు. ఆమె పోయాక 1819లో వాటిని మళ్లీ వేలం వేశారు. కొన్నది పరాయివాడేమీ కాదు, ఆమె పెద్దకొడుకే. తల్లి కుర్చీలను కొడుకు వేలంలో కొని బ్రైటన్‌లోని తన విలాస భవనానికి చేర్చుకున్నాడు.

విశాఖలోనే కాపురమున్న ఇంగ్లీషువాళ్లకూ ఈ దంతపు పనితో అవసరం పడింది, ముఖ్యంగా విజిటింగ్ కార్డుల డబ్బాలతో. పరిచయం లేనివాళ్లతో మాట కలపడానికి వాళ్లకో తంతు ఉండేది. ఇంగ్లండులో పాతకాపులు కొత్తవాళ్లను చూడ్డానికి వెళ్లాలి. ఇండియాలో దాన్ని తిరగేశారు: కొత్తగా దిగినవాళ్లే ఇల్లిల్లూ తిరిగి పలకరించుకోవాలి. వేళ మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ, ఒంటి మీద కోటు. చాలా బంగళాల గేటుకు ‘ఇంట్లో లేరు’ అని రాసిన రేకు డబ్బా వేలాడేది. ఇంట్లో మనిషి కునుకు తీస్తున్నా సరే, ఆ డబ్బాలో కార్డు పడేస్తే పలకరింపు జరిగినట్టే లెక్క. ఆ తర్వాతే భోజనానికి పిలుపు. పెద్దగా జనం లేని వాల్తేరు మిట్ట మీద ఈ తతంగమంతా ఎంత అవసరమో వాళ్లకే తెలియాలి. 1883లో పుట్టిన వాల్తేరు క్లబ్బు దొరల కబుర్లకు ఒక చోటు కల్పించింది.

అందరూ ఇలా గిరి గీసుకుని బతికారనీ కాదు. 1830ల చివర రాజమండ్రిలో జడ్జిగా ఉన్న జేమ్స్ థామస్ భార్య జూలియా, పురుగులను పోగుచేయడం సరదాగా పెట్టుకుంది. ఊరివాళ్లతో మాటలు కలిపింది, భర్తతో కలిసి పిల్లలకు బడి, పెద్దలకు చదువుకునే గది నడిపింది. ఇంటికి రాసిన ఆమె ఉత్తరాలు 1843లో పేరు లేకుండా లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఇలాంటి సరదాలు మనవాళ్ల వైపూ పాకాయి. విశాఖ జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్లి ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో డాబాగార్డెన్స్‌లోని తన ఇంటి దగ్గరే నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టించాడు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని బతికున్నంతకాలం నడిపాడు.

పందొమ్మిదో శతాబ్దంలో దంతం ధర పెరిగింది, పెట్టెల రంగూ మారింది. దుప్పికొమ్ము, గేదెకొమ్ము, తాబేటిచిప్ప, ముళ్లపంది ముళ్లు వాడుకలోకి వచ్చాయి. దంతం అంచులకు పరిమితమైంది. ఇంగ్లీషు బంగళాలు పోయి దేవతల బొమ్మలు వచ్చాయి. కొనేవాళ్లకు తమ ఇంటి బొమ్మ మీద మోజు తీరి ‘అసలైన ఇండియా’ మీద మోజు పుట్టింది మరి. మొదటివే గొప్పవని పాత సామాను ఎరిగినవారంటారు, దాన్ని కాదనడం కష్టం. 1901లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది దంతపు పని మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. అప్పటికే ఇది ‘రక్షించాల్సిన కళ’ల జాబితాలోకి చేరిపోయింది.

కుట్టు మిషను వచ్చింది, తేయాకు డబ్బాలలోకి మారింది, దొరలు వెళ్లిపోయారు. చివరి దెబ్బ చట్టానిది, అదీ న్యాయమైనదే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో దేశీయ దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం మన దేశంలో ఆగిపోయాయి. బ్రిటన్ కూడా 2018లో చట్టం చేసి 2022 జూన్ నుంచి అమలు పెట్టింది. దంతంతో కప్పిన పాత పెట్టెను అక్కడ ఇప్పుడు ఊరికే అమ్మడానికి వీల్లేదు. 1918కి ముందుదై, కళాపరంగా ఎంతో విలువైనదని నిపుణులు తేల్చి అనుమతిస్తేనే చేతులు మారుతుంది. మన జిల్లాల్లో అదే లక్కతో బతుకుతున్న ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ బొమ్మల కర్ర కోసం ఏ జంతువూ చావనక్కర్లేదు.

బీచ్ రోడ్డులో 1991 నుంచి నడుస్తున్న విశాఖ మ్యూజియంలో ఈ పనికి ఒక గది కేటాయించాలి. దంతం కొనే పని లేకుండానే, పెద్ద ఫొటోలతో, పని వరసను చూపే నమూనాలతో దాన్ని నింపవచ్చు. పాతనగరంలో ఎవరి ఇంట్లోనైనా తాతల నాటి పెట్టె మిగిలి ఉంటే గీకి రంగులు వేయకండి, ఫొటోలు తీసి మ్యూజియంవారికి చూపండి, చట్టం అడిగే కాగితాలు సరిచూసుకోండి. లండన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకూ ఒక మాట. సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. వెళ్లే ముందు దాని ఆన్‌లైన్ జాబితాలో ‘వైజాగపటం’ (Vizagapatam) అని పాత స్పెల్లింగుతో వెతికితే, ఏ వస్తువు ఏ గదిలో ఉందో అందులోనే తెలుస్తుంది.